ఇల్లు చూపించిన బ్రోకర్ చావుకి కూడా వచ్చాడు – మీకూ ఇలాంటివాళ్లు తగిలారా?

మూడో అంతస్తు | ఆదివారం, రాత్రి 10:40

మా మామయ్యగారు పోయి పద్దెనిమిది రోజులైంది. ఇన్నాళ్లూ రాయాలనుకుంటూనే ఊరుకున్నాను.

మేం కొత్తపేటలో నాలుగేళ్లుగా అద్దెకుంటున్నాం. మామయ్యగారు రాత్రి తొమ్మిదిన్నరకి ఆస్పత్రిలో పోయారు. బిల్లు కట్టి కాగితాలు చేతికొచ్చేసరికి పదకొండు. అంబులెన్స్ మాట్లాడుతుంటే ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసింది. ఏడ్చింది, పెద్దాయన దేవుడులాంటి మనిషంది, చివర్లో "బాబూ, ఏమనుకోకండి, ఇంట్లోకి మాత్రం తీసుకురాకండి" అంది. హైదరాబాద్‌లో అద్దెకున్నవాళ్లకి ఇది కొత్త మాటేం కాదు. పక్కవాళ్ల విషయంలో విన్నప్పుడు అయ్యో అనుకున్నదే. ఊళ్లో మా ఇల్లు ఎప్పుడో పడిపోయింది. చుట్టాలందరూ తెల్లారేసరికి కొత్తపేటకే బయల్దేరి వస్తున్నారు.

మావారు ఏం తోచక, ఆ ఇల్లు చూపించిన బ్రోకర్‌కి ఫోన్ చేశారు. ఆయనకే ఎందుకు చేశారో ఇప్పటికీ చెప్పలేరు. నాలుగేళ్ల కిందట అర నెల అద్దె తీసుకున్నాడు, అంతే మాకూ ఆయనకీ ఉన్న సంబంధం. (దసరాకి ఒక మెసేజ్ వచ్చేది. అదీ ఫార్వర్డే.)

ఉప్పల్ నుంచి అర్ధరాత్రి స్కూటర్ మీద వచ్చాడు. మా దగ్గరికి రాలేదు, నేరుగా ఓనరమ్మ ఇంటికెళ్లాడు. గొడవ పెడతాడేమోనని నాకు టెన్షన్. ఆయన చెప్పులు విప్పి కూర్చుని, "అమ్మా, మీ భయమేంటో ముందు చెప్పండి" అన్నాడు. ఆవిడ భయాలు రెండు. వచ్చే నెల వాళ్ల అమ్మాయి పెళ్లి. రెండోది, ధనిష్ఠా పంచకంలో (ధనిష్ఠ నుంచి రేవతి దాకా అయిదు నక్షత్రాలు) పోయారనీ, ఇల్లు ఆరు నెలలు మూసేయాలనీ ఎవరో చెవిలో వేశారు. ఈయన అప్పటికప్పుడు తెలిసిన పురోహితుణ్ణి నిద్రలేపి ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. ఆ రోజు నక్షత్రం ఆ అయిదింట్లో లేనే లేదు. ఆవిడ కాస్త మెత్తబడింది. ఇంట్లోకి వద్దుగానీ, కింద పార్కింగ్‌లో పెట్టుకోండి అంది.

తెల్లవారుజామునే ఫ్రీజర్ బాక్స్, షామియానా, నలభై కుర్చీలు వచ్చాయి. ఫ్లాట్ల వాళ్ల కార్లు తీయించడానికి ఆయనే తలుపులు కొట్టాడు. ఆరింటికి దించాం, పదింటికి ఎత్తాం.

ఇది పూర్తి న్యాయం కాదని నాకు తెలుసు. లిఫ్ట్ లేని బిల్డింగ్ మాది. మోకాళ్ల నొప్పులతో మా మామయ్యగారు ఆ మెట్లు రోజుకి రెండుసార్లు ఎక్కేవారు. ఆఖరిసారి ఎక్కలేదు. కానీ ఆ రాత్రి అంబులెన్స్ ఎటు తిప్పమనాలో తెలియని మాకు ఒక చోటు చూపించింది ఆయనే.

బ్రోకర్లంటే అందరం తిట్టుకుంటాం, నేనూ తిట్టాను. మీకు ఇలాంటివాళ్లు ఎదురయ్యారా?

చెయ్యి కాలినవాడు | ఆదివారం, రాత్రి 11:25

మీ మామయ్యగారి సంగతి చదివి బాధనిపించిందండీ.

కోపం తెచ్చుకోనంటే ఒక మాట. మా ఏజెంట్ కూడా మంచివాడే. మా అమ్మ ఆపరేషన్‌కి రక్తం ఇచ్చాడు. ఇదేం కట్టుకథ కాదు, నిజంగానే మంచం మీద పడుకుని ఒక యూనిట్ ఇచ్చి వెళ్లాడు. ఆ రక్తం చూసే నేను కాగితాలు చూడలేదు.

ఔటర్ రింగ్ రోడ్డు అవతల ప్రీలాంచ్ (అనుమతులు రాకముందే అమ్మడం) అన్నాడు. మార్కెట్ రేటులో సగానికే ఫ్లాట్, మొత్తం ఒకేసారి కట్టాలన్నాడు. 12 లక్షలు కట్టాను, మిగతాది లోన్ పెడదామనుకున్నాను. అదృష్టం, లోన్ రాలేదు. ఎందుకు రాలేదంటే ఆ ప్రాజెక్టుకి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరే లేదు. స్థలం 500 చదరపు మీటర్లూ, ఫ్లాట్లు ఎనిమిదీ దాటితే రెరాలో రిజిస్టర్ కాకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదట. రిజిస్టరైన అగ్రిమెంట్ లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదట. 2016 చట్టంలో ఉన్నాయి ఇవన్నీ. నాకు తర్వాత తెలిశాయి.

డబ్బు రాలేదు. ఏజెంట్ ఫోన్ ఎత్తుతాడు, "అన్నా, నేనూ మోసపోయా" అంటాడు. నిజమే అయ్యుండొచ్చు. అందుకే మంచితనం సంగతి నన్నడక్కండి.

బెజవాడ బాబాయ్ | సోమవారం, ఉదయం 6:15

అమ్మా, మీ ఓనరమ్మని కూడా మరీ తిట్టుకోకు. పెళ్లి పెట్టుకున్న ఇల్లు. నమ్మకాలు అంత తేలిగ్గా పోవు.

నా అనుభవం వేరు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో గన్నవరం వైపు 200 గజాలు చూశాను. తూర్పు ముఖం, రోడ్డు బాగుంది, మా ఆవిడకి తెగ నచ్చేసింది. బయానా ఇవ్వడానికి చెక్కుబుక్ జేబులో పెట్టుకుని వెళ్లాను. మా ఏజెంట్ కుర్రాడు, ముప్పై ఏళ్లుంటాయేమో, టీ తాగుతూ రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో సర్వే నంబర్ కొట్టి ఫోన్ నా చేతిలో పెట్టాడు. నిషేధిత భూముల జాబితాలో ఉంది. 22-ఎ అంటారు కదా, అది. రిజిస్ట్రేషన్ కాదు.

అప్పుడు ఓనరు "నెల రోజుల్లో తీయించేస్తాను, ఈలోగా అగ్రిమెంట్ రాసుకుందాం" అన్నాడు. ఇప్పుడు చెప్పండి, ఆ కుర్రాడు నోరు మూసుకుని ఉంటే రెండు వైపులా ఒక్కో శాతం వచ్చేది. "తీయించాకే మమ్మల్ని పిలవండి సార్" అని నన్ను బండెక్కించుకుని వచ్చేశాడు. దారిలో నేను వాణ్ణి తిట్టాను కూడా, మంచి స్థలం పోయిందని! అది రెండేళ్ల కిందటి మాట. ఆ నంబర్ ఇప్పటికీ ఆ జాబితాలోనే ఉంది. నేను అప్పుడప్పుడు చూస్తుంటాను, పనీపాటా లేక.

దస్తావేజు లేఖరి | సోమవారం, ఉదయం 8:50

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు ముప్పై ఏళ్లు కూర్చున్నవాణ్ణి. చెయ్యి కాలినవాడు గారూ, మీరు మనిషిని చూసి మోసపోలేదు, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) చూడక మోసపోయారు. మంచి ఏజెంటా కాదా అన్నది నేను ఒక్క ప్రశ్నతో తేలుస్తాను. "లింకు డాక్యుమెంట్లు, అంటే పాత అమ్మకాల దస్తావేజులు, జిరాక్సులివ్వండి, మా వకీలుకి చూపించుకుంటాం" అనండి. మొహం మారితే లేచి వచ్చేయండి.

ఇంకో విషయం. ఈసీ క్లీన్‌గా ఉందనగానే అయిపోలేదు. అందులో రిజిస్టరైనవే కనిపిస్తాయి. రిజిస్టర్ కాని వీలునామా, నోటరీ అగ్రిమెంట్, అక్కచెల్లెళ్లకి రావలసిన వాటా, ఇవేవీ కనిపించవు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కుంది. 2020లో సుప్రీంకోర్టు, సవరణ నాటికి తండ్రి బతికి లేకపోయినా సరే అని తేల్చింది. అయినా "ఆడపిల్లల సంతకాలు ఎందుకండీ, పెళ్లిళ్లయిపోయాయి" అనే ఏజెంట్లు ఇంకా ఉన్నారు.

పదహారేళ్ల బ్రోకర్ | సోమవారం, మధ్యాహ్నం 1:30

నేను ఈ పనిలోనే ఉన్నాను, ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ దాకా. తిట్లు అలవాటే కాబట్టి మొహమాటం లేకుండా రాస్తాను.

మూడో అంతస్తు అమ్మా, ఆయన ఎవరో నాకు తెలియదుగానీ ఆ రాత్రి చేసిన పని మాత్రం తెలుసు. మేం ఇల్లు చూపించినప్పుడు అద్దె, అడ్వాన్స్, నీళ్లు, పార్కింగ్ గురించి మాట్లాడతాం. చావు గురించి, పురుడు గురించి ఎవరూ మాట్లాడరు. నిండు నెలల్లో ఖాళీ చేయమన్న ఓనర్లని చూశాను. అందుకని ఇంట్లో పెద్దవాళ్లున్న కుటుంబమైతే నేను ఓనర్‌ని ముందే, మెల్లిగా అడుగుతాను: "అనుకోనిది జరిగితే ఎలా అండీ?" అని. కొందరు ముఖం చిట్లిస్తారు. ఆ ఇల్లు వాళ్లకి చూపించను.

మాకు పైసా రాని పనులే ఎక్కువ. మొన్న వనస్థలిపురంలో ఒక రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవర్ వచ్చారు. ఉన్న ఒక్క ఇల్లూ కొడుకు పేరున గిఫ్ట్ చేసేయాలి, ఎంతవుతుంది అని. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాను. "నేనూ, మా ఆవిడా" అన్నారు. కొడుకు పుణెలో. వద్దు సార్, వీలునామా రాయండి, మీ తదనంతరం అతనిదే అవుతుంది అన్నాను. తప్పదంటే దస్తావేజులో మీ ఇద్దరికీ జీవితకాలం ఉండే హక్కు, మిమ్మల్ని చూసుకోవాలనే షరతు రాయించండి అన్నాను. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో సెక్షన్ 23 ఉంది. కొడుకు చూడకపోతే ఆర్డీవో దగ్గరికెళ్లి ఆ గిఫ్ట్ రద్దు చేయించుకోవచ్చు. అయితే ఆ షరతు ఉండాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025లో ఇంకో తీర్పు పెద్దవాళ్లవైపు ఉదారంగా చూసిందిగానీ, కాగితం మీద ఉంటే కోర్టులో ఆ వాదనే రాదు కదా.

కొడుకు ఫోన్ చేసి "మా నాన్నకి లేనిపోనివి నూరిపోస్తున్నావా" అని తిట్టాడు. పెద్దాయన ఏం చేశారో నాకు తెలియదు. మళ్లీ రాలేదు.

చార్మినార్ చాయ్ | సోమవారం, సాయంత్రం 7:05

బ్రోకర్ గారూ, "ఆ ఇల్లు వాళ్లకి చూపించను" అన్నారు చూడండి, అక్కడ ఆగిపోయాను.

నేను ముస్లింని, సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఒంటరిగా ఉంటాను. మూడు మార్కులూ మైనస్సే. పోయినేడాది ఇల్లు వెతుక్కుంటుంటే ఒక ఏజెంట్ ఎంతో మర్యాదగా మాట్లాడాడు. వారంలో రెండే ఇళ్లు చూపించాడు. ఆన్‌లైన్‌లో అదే ఏరియాలో అతనివే ఇరవై ఉన్నాయి. ఎందుకని నిలదీస్తే, "మేడమ్, మిమ్మల్ని గుమ్మం దగ్గర అవమానించేచోటికి తీసుకెళ్లడం ఇష్టం లేదు" అన్నాడు. మనసులో ఉన్నదే చెప్పాడు, నాకు అర్థమైంది. కానీ నాకు మిగిలింది రెండిళ్లే కదా?

ఓనర్ ముఖం చిట్లిస్తే మీరు వేరే ఇల్లు వెతుకుతారు. ఆ ఓనర్ మాత్రం రేపు కూడా అలాగే చిట్లిస్తాడు.

పదహారేళ్ల బ్రోకర్ | సోమవారం, రాత్రి 8:20

చెల్లెమ్మా, దీనికి నా దగ్గర సరైన జవాబు లేదు. నేనూ అదే చేస్తాను. ఒకప్పుడు వాదించేవాణ్ణి. వాదిస్తే ఓనర్ ఇల్లు ఇంకో ఏజెంట్‌కిస్తాడు, అంతే.

ఒకటి మాత్రం చేస్తున్నాను. పేరు చెప్పకుండా ముందు మనిషి గురించి చెబుతాను. ఫలానా కంపెనీ, ఇంత జీతం, అయిదేళ్లుగా అద్దె ఒక్కరోజు ఆలస్యం చేయలేదు, పాత ఓనర్ నంబర్ ఇదిగో, మాట్లాడండి అని. పాత ఓనర్ మాట మీద కొందరు ఒప్పుకుంటారు. అప్పుడు పేరు చెబుతాను. పదిమందిలో ముగ్గురు ఆ తర్వాత కూడా సరేనంటారు. ముగ్గురే.

చార్మినార్ చాయ్ | సోమవారం, రాత్రి 8:31

ఒక్కరూ లేనిదానికన్నా ముగ్గురు నయమే. కానీ నా జీతం, నా అద్దె రికార్డు ముందు చెప్పి, పేరు చివర్లో బయటపెట్టాల్సి రావడం ఎలా ఉంటుందో మీరు ఒకసారి ఊహించుకోండి అన్నా. కోపంతో రాయడం లేదు.

ఫ్రిస్కో నుంచి | మంగళవారం, ఉదయం 7:45 (మీకు)

టెక్సస్ నుంచి రాస్తున్నాను. కాకినాడలో మా ఇల్లుంది, అమ్మ ఒక్కతే ఉంటుంది. నాన్న పోయాక నేనూ మా అన్నా ఇల్లు అమ్మేసి, అమ్మని ఇక్కడికి తెచ్చుకుందామనుకున్నాం. ఏజెంట్‌ని మాట్లాడాం. ఎన్నారైల అమ్మకం కాబట్టి టీడీఎస్ (వచ్చే డబ్బులోంచి ముందే కోసే పన్ను) ఎక్కువ పట్టుకుంటారు, తక్కువ కోతకి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోండి, పవరాఫ్ అటార్నీ ఇలా పంపండి అని అన్నీ పద్ధతిగా చెప్పాడు. కొనేవాళ్లు కూడా వచ్చారు.

తర్వాత ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు. "సార్, నేను ఇల్లు చూపించడానికి మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ అమ్మగారు వచ్చినవాళ్లకి కాఫీ ఇచ్చి, పెరట్లోకెళ్లి కూర్చున్నారు. ఒకసారి మాట్లాడండి" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు.

మేం అమ్మతో వారానికి మూడుసార్లు వీడియో కాల్ చేస్తాం. అమ్మడం గురించి ఎప్పుడూ "మీ ఇష్టం నాన్నా" అనేది. ఆ పెరడు సంగతి మాకు తెలియదు. ఇల్లు అమ్మలేదు. అమ్మ అక్కడే ఉంది. కింది పోర్షన్‌కి ఇద్దరు నర్సింగ్ అమ్మాయిలని అద్దెకి పెట్టించింది కూడా అతనే. రాత్రిళ్లు మనుషులుంటారని. ఇది సరైన నిర్ణయమా అంటే రోజూ ఒక్కోలా అనిపిస్తుంది. అమ్మకి ఏమైనా అయితే రోజుకి పైగా ప్రయాణం.

చెయ్యి కాలినవాడు | మంగళవారం, ఉదయం 9:10

అన్నీ చదివాను. బ్రోకర్ గారిని సూటిగా అడుగుతాను. పదహారేళ్లలో మీరు ఎవర్నీ ముంచలేదా? నిజం చెబితేనే మిగతావి నమ్ముతాను.

దస్తావేజు లేఖరి | మంగళవారం, ఉదయం 9:40

ఇదెక్కడి అడగడమండీ, నలుగురిలో!

పదహారేళ్ల బ్రోకర్ | మంగళవారం, మధ్యాహ్నం 3:15

అడగనివ్వండి లేఖరి గారూ.

ముంచాను. ఆ మాట నా విషయంలో అక్షరాలా నిజం. 2015లో ఒక చెరువు పక్కన 150 గజాల ప్లాట్ అమ్మించాను. కొన్నవాళ్లు ఇద్దరూ ప్రైవేటు స్కూల్ టీచర్లు. చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అదంతా ఎఫ్‌టీఎల్ అంటారు. దాని అవతల కూడా పెద్ద చెరువైతే 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు ఏమీ కట్టకూడదు. ఓనర్ చెప్పలేదు. నేను అడగలేదు. అడగలేదంటే తెలియక కాదు. పక్క ఇంటి ప్రహరీ మీద మోకాలెత్తున నీటి చార కనిపించింది నాకు. చూసి, మాట మార్చాను. అప్పుడు మా చిన్నదాని ఫీజు కట్టాలి.

2020 అక్టోబర్ 13 రాత్రి వాన గుర్తుందా? వాళ్ల హాల్లోకి నడుములోతు నీళ్లొచ్చాయి. ఫోన్ నాకే చేశారు, ఇంకెవరికీ తెలియదు వాళ్లకి. తాడు పట్టుకుని వెళ్లి నలుగుర్నీ మా ఇంటికి తెచ్చాను. తొమ్మిది రోజులున్నారు. నా కమీషన్ 40 వేలు తిరిగిచ్చాను. ఇల్లు ఎలా తిరిగివ్వను? 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చినప్పట్నుంచీ జేసీబీ చప్పుడు వింటే వాళ్లకి నిద్రపట్టదు. లేక్ మ్యాప్‌లూ, పాత పర్మిషన్ కాగితాలూ పట్టుకుని వాళ్లతో పాటు ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను. ఇంకా తేలలేదు.

ఆ తొమ్మిది రోజుల గురించి టీచరమ్మ అందరికీ గొప్పగా చెబుతుంది. ఆమె చెబుతున్నంతసేపూ నేను తల ఎత్తను. ప్రహరీ మీది చార సంగతి ఆమెకి ఇప్పటికీ తెలియదు.

బెజవాడ బాబాయ్ | మంగళవారం, సాయంత్రం 4:00

చెప్పెయ్ నాయనా ఆవిడకి.

ఫ్రిస్కో నుంచి | మంగళవారం, సాయంత్రం 6:20

చెబితే ఆవిడకేం లాభం బాబాయ్ గారూ? ఆఫీసుల చుట్టూ తిరిగే ఒక్క మనిషీ పోతాడు.

చార్మినార్ చాయ్ | మంగళవారం, సాయంత్రం 6:48

లాభం ఉంది. ఓనర్‌కి ముందే తెలుసని నిరూపించుకోవడానికి ఆ చార పనికొస్తుందేమో. ఆ ప్రహరీ ఇంకా ఉందా అన్నా? ఉంటే ముందు ఫోటో తీయండి. పాత ఫోటోలుంటే ఇంకా మంచిది. మీ బాధ తర్వాత చూసుకోవచ్చు.

పదహారేళ్ల బ్రోకర్ | మంగళవారం, రాత్రి 9:05

ఉంది. రంగు వేశారు. 2015లో ప్లాట్ చూపించేటప్పుడు తీసిన ఫోటోలు పాత ఫోన్‌లో ఉండాలి. ఈ సంగతి నాకు తట్టనే లేదు చెల్లెమ్మా. రేపు ఆ ఫోన్ బాగుచేయించుకుని, వాళ్లింటికి వెళ్తాను.

నిర్వాహకులు | మంగళవారం, రాత్రి 9:30

చర్చ బాగా నడుస్తోంది. ఒక మనవి: ఏజెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ బహిరంగంగా పెట్టకండి, మంచివాళ్లవైనా సరే. ఇప్పటికే ఇద్దరు సభ్యులు అడిగారు.

మూడో అంతస్తు | బుధవారం, రాత్రి 10:15

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. చెయ్యి కాలినవాడు గారూ, మీ రక్తం సంగతి చదివాక మావారితో ఒక రాత్రంతా వాదించుకున్నాం. మాకు ఆయన అమ్మింది ఏమీ లేదు కాబట్టి మంచివాడనిపిస్తున్నాడా? ఏమో, కావచ్చు.

పెద్దకర్మ అయ్యాక కవర్‌లో అయిదు వేలు పెట్టి ఇవ్వబోయాం. తీసుకోలేదు. షామియానా, కుర్చీల బిల్లు 3,800 మాత్రం లెక్క కట్టి అణాపైసలతో తీసుకున్నాడు, రసీదు ఇచ్చి మరీ. నాకెందుకో ఆ రసీదు నచ్చింది.

నిన్న మేమే మళ్లీ పిలిచాం. సొంతంగా ఒక చిన్న ఫ్లాట్ కొనుక్కుందామని. ఆయన మా ఇద్దరి జీతాలూ, అప్పులూ అడిగి, ఆస్పత్రి అప్పు తీరేదాకా ఆగమన్నాడు. "ఇప్పుడు మీరు ఇల్లు కొనాలనుకోవట్లేదమ్మా, ఆ రాత్రి మళ్లీ రాకూడదనుకుంటున్నారు" అన్నాడు. మా అత్తగారు లోపల్నుంచి వింటున్నారు. ఆవిడ కోసమే కదా మా తొందర. ఏడాది ఆగాలా, ఇప్పుడే చూడాలా, ఇంకా తేల్చుకోలేదు.

అన్నట్టు ఓనరమ్మ వచ్చి, వాళ్ల అమ్మాయి పెళ్లి శుభలేఖ ఇచ్చి వెళ్లింది. ఏడాది మైలలో ఉన్నాం, రాలేమని ఆవిడకీ తెలుసు. అయినా పైకి, మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చి ఇచ్చింది.

చెయ్యి కాలినవాడు | బుధవారం, రాత్రి 10:50

ఏడాది ఆగండి. ఆ తర్వాత కొన్నా ఆయన ద్వారానే కొనండి, నేను కాదనను.

ఆయన నంబర్ నాకు విడిగా మెసేజ్ చేస్తారా? మా చెల్లెలు ఉప్పల్‌లో ఇల్లు వెతుకుతోంది. ఈసీ మాత్రం నేనే తీస్తాను.